ఎడమ నుంచి రెండోది

రెండేళ్ల కిందటి ఎండాకాలం మా ఇంటికి రంగు వెయ్యడానికి నలభై మూడు రోజులు పట్టింది. ఆరు రోజుల్లో అయిపోతుందని పెయింటర్ సదానందం మొదటి రోజే మాటిచ్చాడు. ఆలస్యంలో ఆయన తప్పేమీ లేదు. పని ఆగిందల్లా మా ఇంట్లో వాళ్ల వల్లే. అందులో నా వాటా కూడా ఉంది.

ఇల్లు గోదావరిఖనిలో, బస్టాండు వెనక గల్లీలో. మా మామ రాయమల్లు వాళ్ల నాయన కట్టించాడు. ఆయన భూగర్భ గనిలో తట్టతో బొగ్గు ఎత్తి పట్టాల మీది టబ్బులు నింపే పని చేసేవాడట. చాలా ఏళ్లు ఆ గోడలకు సున్నమే. తర్వాత మా మామ రెండుసార్లు డిస్టెంపర్ వేయించాడు. నేను పెళ్లై నస్పూర్ నుంచి వచ్చేసరికి అది కూడా పొట్టు రాలిపోయి, ముందర గోడ మీద ఒకచోట నీలం, ఒకచోట పసుపు, ఒకచోట ఉత్త సిమెంటు కనిపించేది. ఆ మార్చిలో పెచ్చులూడిన చోటల్లా కొత్త ప్లాస్టరింగు చేయించారు. ఆ అతుకులతో ఇల్లు దెబ్బలు తగిలిన మనిషిలా ఉందని, వానలు పడేలోపు రంగు పడాల్సిందేనని మా అత్త లింగవ్వ పట్టుబట్టింది.

మా ఆయన వేణుమాధవ్ జైపూర్ పవర్‌ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు. పొద్దున ఆరింటికి పోతే దీపాలు పెట్టే వేళకు వస్తాడు. నేను ప్రైవేటు బడిలో టీచర్ని. ఏప్రిల్ చివర్లో సెలవులిచ్చారు కాబట్టి పని చూసుకునే బాధ్యత నా మీద పడింది.

మామ డ్యూటీ నుంచి వస్తూ షాపులో అడిగి రంగుల పుస్తకం తెచ్చాడు. అందరం అరుగు మీద కూర్చున్నాం. సదానందం ఒక్కో పేజీ తిప్పుతున్నాడు.

"బూడిద రంగు ఏద్దాం బాపూ. జ్యోతినగర్ దిక్కు కొత్త ఇండ్లన్నిటికీ అదే ఏస్తున్నరు. దుమ్ము పడ్డా కనవడది," అన్నాడు వేణు.

"పొద్దున లేస్తే ఊడ్సేది బూడిదే గదరా. మళ్ల గోడకు గూడ అదేనా? గంధం రంగు ఏపియ్యిండ్రి, ఇల్లు కళగ ఉంటది," అంది అత్త.

మామ పుస్తకం వంక చూడలేదు. "ఆకు రంగు," అన్నాడు. "దినాం ఎనిమిది గంటలు నేను సూసేది నల్ల బొగ్గు, తెల్ల దుమ్ము. ఇంటికొస్తె కండ్లకు సల్లగుండాలె."

సదానందం నవ్వాడు. "మల్లన్నా, ఖనిల ఏ రంగేసినా ఏడాది దాంకనే. ఆ తర్వాత అన్ని ఇండ్లదీ ఒక్కటే రంగు."

"ఆ ఏడాదన్న సూస్త తియ్."

ఇల్లు మామది, కాబట్టి మాట ఆయనదే నెగ్గింది. అయినా పుస్తకంలో చూసిన రంగు గోడ మీద వేరేగా ఉంటుందని, నాలుగైదు రకాలు గోడకు పూసి చూపిస్తానని సదానందం అన్నాడు.

మామ గురించి కొంత చెప్పాలి. ఆయనకు అప్పుడు యాభై ఎనిమిది. ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడిపేవాడు. బొగ్గు మీదున్న మట్టిని తవ్వి పోస్తుంటే, ఆ మట్టిని దూరంగా గుట్టలా పోసే చోటుకు చేర్చే పెద్ద బండి అది. దాని టైరు మా ఇంటి కిటికీ కంటే ఎత్తు. పద్దెనిమిదేళ్లు నడిపాడు. ఒక్కసారి కూడా దేన్నీ తగలనీయలేదని ఆయన చెప్పుకోడు గానీ, ఆయన దోస్తులు చెప్తారు.

అంతకు ముందు డిసెంబర్లో ఆయనకు టీబీ అని తేలింది. ఆరు నెలల మందు. మొదటి రెండు నెలలు ఇంటి దగ్గరే ఉన్నాడు. ఫిబ్రవరి చివర్లో ఫిట్ అని కాగితం తెచ్చుకుని మళ్లీ బండెక్కాడు. ఆ రోజు మా అత్త గల్లీలో నలుగురికి చక్కెర పంచింది. మందు మాత్రం జూన్ దాకా ఉంది. పొద్దున్నే పరగడుపున గోలీలన్నీ లెక్కబెట్టి అత్తే ఆయన అరచేతిలో పోసేది. మింగేదాకా ఎదురుగా నిలబడేది. ఒక్కరోజు కూడా తప్పనివ్వలేదు.

సదానందం గేటు పక్కన ముందర గోడ మీద ఐదు రంగులు పూశాడు. ఒక్కోటి చాటంత. మధ్యాహ్నం మూడున్నరకు మామ ఫస్టు షిఫ్టు దిగి వచ్చాడు. చెప్పులు కూడా విడవకుండా గోడ దగ్గరికి పోయి, ఒక రంగు మీద అరచెయ్యి ఆనించాడు.

"ఇదే. ఈ ఆకు రంగు మంచిగున్నది."

ఆయన చెయ్యి పెట్టింది ఇటుక రంగు మీద.

సదానందం పకపకా నవ్వాడు. "ఆకు రంగు పక్కకున్నదన్నా. అది ఇటుక."

అత్త కూడా నవ్వింది. మామ చెయ్యి తీసి, అరచెయ్యి ఒకసారి చూసుకుని, అప్పుడు నవ్వాడు. అందరి నవ్వూ అయిపోయాక వచ్చిన నవ్వు అది. "ఎరుకే. పరాచికం ఆడిన," అని లోపలికి పోయాడు. ఏ రంగో మాత్రం తేల్చలేదు.

మరునాడు పొద్దున అత్త రేషన్ దుకాణానికి పోయింది. మామ డ్యూటీకి బయలుదేరుతూ, డబ్బాలు విప్పుతున్న సదానందాన్ని పిలిచి గోడ వైపు చెయ్యి చాపాడు. "పక్క గోడకు అది మొదలువెట్టు," అన్నాడు. రంగు పేరు చెప్పలేదు. వేలు మళ్లీ ఇటుక రంగు వైపే ఉంది. నిన్న తెలిసే పరాచికమాడానన్న మనిషి ఇవాళ మనసు మార్చుకున్నాడనుకున్నాడు సదానందం. నేను లోపల వంట పనిలో ఉన్నాను. అత్త బియ్యం సంచితో తిరిగొచ్చేసరికి తూర్పు గోడ సగం ఎర్రగా ఉంది.

"ఇదేం రంగు సదానందం? ఇల్లా, ఇటుక బట్టీనా?"

"అన్న జెప్పిండక్కా. నా మీదికి రాకు."

మధ్యాహ్నం మామ వచ్చాడు. తూర్పు గోడ ముందు నిలబడ్డాడు. అత్త అరుస్తోంది, సదానందం సంజాయిషీ చెప్తున్నాడు. ఇటుక అన్న మాట ఆయన చెవిన పడింది. వేలి కొనతో గోడను తాకి చూశాడు. తర్వాత, "నేనే జెప్పిన. నాకు గిదే మంచిగనిపించింది," అన్నాడు.

"నిన్నటి దాంక ఆకు రంగు ఆకు రంగు అని పానం తీస్తివి!"

"మనసు మారింది. మారొద్దా?"

సాయంత్రం వేణు వచ్చి గోడ చూసి, "ఇంట్ల అందరినీ అడుగుడెందుకు మళ్ల?" అని ఒక్క మాటన్నాడు. రెండు రోజులు తండ్రితో మాట్లాడలేదు. అత్త పని ఆపించింది. సదానందం నిచ్చెన మా గోడకే ఆనించి వేరే ఇంటి పనికి పోయాడు.

నాకు ఆ రంగుతో పేచీ లేదు. గోడ ముందు మామ నిలబడిన తీరే నాకు వింతగా తోచింది. బడిలో పాఠం చదవలేని పిల్లలు పుస్తకం వైపు అట్లాగే చూస్తారు. ఆ వారంలో ఆయన కూరగాయల మార్కెట్‌కు పోయి తెచ్చిన టమాటాల్లో సగం పచ్చివి. పేపర్ చదవడం మానేసి, కండ్లు మండుతున్నాయని, పెద్దక్షరాలు నన్ను చదివి వినిపించమనేవాడు.

ఆదివారం ఆయనకు సెలవు. మిట్టమధ్యాహ్నం అత్త పడుకుంది. నేను తీగ మీది బట్టలు తీస్తున్నాను. మామ ముక్కు గోడకు తగిలేంత దగ్గరగా నిలబడి ఒక్కో రంగునూ చూస్తున్నాడు.

"తిరుమలా, ఓ కాయితం, పెన్ను తేపో బిడ్డా."

తెచ్చాను.

"ఎడమ దిక్కు నుంచి ఏది ఏ రంగో రాసియ్యి."

రాశాను. గంధం, ఆకుపచ్చ, ఇటుక, బూడిద, నీలం. ఆయన కాగితాన్ని చెయ్యి చాపినంత దూరం పట్టుకుని చదువుకున్నాడు. "రెండోదా," అని గొణుక్కున్నాడు.

"మామా, మీకు రంగులు కనవడతలేవా?"

ఆయన ఇంట్లోకి ఒకసారి చూశాడు. "గంధం ఎరుకైతది. నీలం ఎరుకైతది. నడుమ మూడు ఒక్క తీర్గనే ఉన్నయి."

"ఎప్పటిసంది?"

"ఉగాది ముంగటిసంది. మొదాలు మసకమసకగ ఉండె. తర్వాత ఇట్లయింది."

"మరి డ్యూటీల ఎట్ల?"

"తొవ్వ నాకు ఎరుకే గద బిడ్డా. మట్టి పోసేకాడ జెండాలు పట్టుకోని ఒకాయన ఉంటడు. చెయ్యి ఎత్తితె ఆగుడు, ఊపితె పోవుడు. రంగుతోని నాకేం పని?"

 ఆయన కాగితం మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు.

"మీ అత్తకు జెప్పకు. వేణుకు గూడ. తెలిస్తె దవాఖానకు పొమ్మంటరు, దవాఖానకు పోతె బండి మీదికెల్లి దింపుతరు. రెండు నెలలు మంచాన పడి మొన్నమొన్ననే ఎక్కిన. ఇంక మూడేండ్లే నౌకరి. మా నాయిన తట్ట మోసి మోసి నడుము ఇరగ్గొట్టుకున్నడు. ఆఖర్ల నన్ను గూడ తట్ట మోయమంటవా?"

"సరే మామా," అన్నాను.

ఎందుకన్నానో ఇప్పుడు ఆలోచిస్తే, భయం కారణం కాదు. ఆ ఇంటికి వచ్చి రెండేళ్లవుతోంది. అప్పటిదాకా ఎవరూ నన్ను నమ్మి ఏదీ చెప్పలేదు. డబ్బాల్లో ఏ పప్పు ఎక్కడుందో కూడా అత్త సొంతంగా చెప్పలేదు, నేనే మూతలు తీసి చూసుకున్నాను. మామ ఆ మాట నాకు చెప్పడం, నిజం చెప్పాలంటే, బాగానే అనిపించింది.

మరునాడు మామ సదానందానికి కబురు పెట్టాడు. గోడ ముందు నిలబడి, "ఎడమ నుంచి రెండోది. ఇల్లు మొత్తం అదే. ఆ తూర్పు గోడ మీద గూడ అదే కొట్టు," అన్నాడు గట్టిగా.

"ఇప్పుడు బుద్ధొచ్చింది," అంది అత్త. వేణు తండ్రితో మాట్లాడాడు. ఒప్పుకున్న వేరే పని కూడా ఉండడంతో సదానందం పూటపూటే వచ్చినా, ముందర గోడ ఆకుపచ్చ కావడం మొదలైంది. మా రహస్యం అందరికీ మేలే చేసినట్టు కనిపించింది.

మూడు రోజుల తర్వాత మామ మళ్లీ నన్ను పెరట్లోకి పిలిచాడు. కంపెనీలో అందరికీ కొన్నేళ్లకోసారి జరిగే వైద్య పరీక్ష ఆయనకు మే ఇరవయ్యో తారీఖున పడింది.

"కండ్ల పరీక్షల సుక్కల బొమ్మలు సూపిస్తరు. సుక్కల నడుమ ఒక అంకె ఉంటది. అది జెప్పాలె. ఆ బొమ్మలు ఫోన్ల దొర్కుతయంట గదా?"

దొరికాయి. గుండ్రటి చుక్కల మధ్య నాకు పన్నెండు, ఎనిమిది, ఇరవై తొమ్మిది స్పష్టంగా కనిపించాయి. మామకు మొదటిది తప్ప మిగతావన్నీ ఉత్త చుక్కలే. బొమ్మల వరస, ఒక్కోదాని అంచులో ఏదో ఒక గుర్తు చెప్పి నేను అంకెలు బట్టీ పట్టించాను. మధ్యాహ్నాలు అత్త నిద్రపోయాక పెరట్లో నీడలో కూర్చునేవాళ్లం. ఆయన చురుకైన మనిషి. రెండో రోజుకే సగం పైన అప్పజెప్పాడు. నేను "శభాష్ మామా" అంటే చిన్నపిల్లవాడిలా నవ్వాడు. ఆ అరగంటలు నాకు నచ్చాయి. దాచిపెట్టి ఏం లాభం.

మూడో రోజు, పరీక్షకు కావాల్సిన కాగితాలన్నీ ఒక ఫైల్లో సర్దమన్నాడు. పాత చీటీలు, ఎక్స్‌రేలు తీసి వరసగా పెడుతుంటే టీబీ మందులిచ్చినప్పుడు దవాఖానలో ఇచ్చిన చిన్న పుస్తకం దొరికింది. చివరి పేజీలో తెలుగులోనే అచ్చయి ఉంది. మందులు వాడే రోజుల్లో చూపు మసకబారినా, ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియకపోయినా, ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చెప్పాలి.

రెండుసార్లు చదివాను. పుస్తకం పట్టుకుని పెరట్లోకి పోయాను. మామ అప్పటికే పీట మీద కూర్చుని ఫోను కోసం చెయ్యి చాపాడు.

"మామా, ఇది వయసుతోని వచ్చింది గాదు. గోలీలతోని వచ్చింది. ఇండ్ల రాసి ఉన్నది."

ఆయన పుస్తకం వైపు చూడలేదు. "ఎరుకే," అన్నాడు. "మందు షురూ చేసిననాడే డాక్టర్ సారు రెండుసార్లు జెప్పిండు."

"ఎరుకై గూడ మింగుతున్నరా?"

"ఇరవై రెండు దినాల మందే మిగిలింది. అది ఒడిస్తె కండ్లు అవ్వే సర్దుకుంటయి."

"సర్దుకోకుంటే?"

 పక్కింట్లో కుక్కర్ కూత పెట్టింది. "రోజుకింత పోతుంటే, ఇరవై రెండు దినాలల్ల నీలం గూడ పోతదేమో మామా," అన్నాను.

"మిగిలిన బొమ్మలు సూపియ్యి."

"నేను సూపియ్య."

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఎంతవరకు కనిపించిందో తెలియదు.

"మామా, మీరు దవాఖానకు పోవాలె. మీరు జెప్తే మీరు జెప్పుండ్రి. లేకుంటే రాత్రికి వేణుకు నేను జెప్త."

"ఈ ఇంటికొచ్చి రెండేండ్లు గాలే. నా నౌకరి ఉంచాల్నో తియ్యాల్నో నువ్వు జెప్తవా?"

అంత గట్టిగా ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. అత్త లోపలి నుంచి "ఏందది?" అంది. "ఏం లేదు," అన్నాడు మామ. ఆ వారం ఆయనది సెకండు షిఫ్టు. అన్నం తినకుండానే రెండింటికి హెల్మెట్ తీసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఐదున్నరకు మామతో పనిచేసే ఉపేందర్ బండి మీద వచ్చాడు. డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు. షిఫ్టు మధ్యలో ఒక మనిషి గేటు ముందు బండి ఆపితే ఖనిలో ఆడవాళ్ల గుండెలు ఎట్లా కొట్టుకుంటాయో చెప్పనక్కర్లేదు. అత్త చేతిలో చీపురు అక్కడే పడిపోయింది.

"అక్కా, మనిషి మంచిగున్నడు. దెబ్బ తాకలే, ఏం గాలే. ఫికర్ జెయ్యకు," అన్నాడు ఉపేందర్ లోపలికి వస్తూనే.

కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. అప్పుడు చెప్పాడు. మట్టి పోసే చోట ఆ రోజు కొత్త మనిషి ఉన్నాడు. ఎత్తడం, ఊపడం ఏమీ లేదు. ఏ జెండా చూపించాలో ఆ జెండా పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. మొదటి రెండు ట్రిప్పులూ మామ ముందు బండి పోయిన తీరు చూసి పోయాడు. మూడో ట్రిప్పులో ముందు బండి లేదు.

"నడి తొవ్వల బండి నిలబెట్టిండు. ఎనుక మేం నలుగురం ఆగినం. హారన్లు కొట్టినం. కదలడు. కొంచెంసేపటికి ఇంజన్ బంద్ జేసి మెట్లు దిగిండు. షిఫ్టు సూసుకునే ఓవర్‌మన్ సారు దగ్గరికి నడుసుకుంట పోయి, సారూ, అది ఎర్ర జెండానో పచ్చ జెండానో నాకు కనవడతలేదు, వేరేటోళ్లను ఎక్కియ్యిండ్రి అన్నడు. గంతే అక్కా. కింద ఎనిమిది మంది పని చేస్తున్నరు ఆ జాగల. సారు జీపుల ఎక్కించుకోని దవాఖానకు పట్కపోయిండు."

అత్తకు అర్థం కాలేదు. "ఎర్రది కనవడకపోవుడేంది? మొన్న పక్క గోడకు ఎర్రది..." అని ఆగిపోయింది. తూర్పు గోడ వైపు తిరిగింది. అక్కడి నుంచి కొంచెం సేపటికి నా వైపు తిరిగింది.

"నీకు ఎరుకేనా?"

"ఎరుకే అత్తమ్మా."

"గోలీలతోనేనా?"

ఆ మాట ఆమెకు ఎట్లా తట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. తల ఊపాను.  ఆమె చీపురు తీసి మూలకు పెట్టి, చీర మార్చుకుని, ఉపేందర్ బండెక్కి దవాఖానకు పోయింది.

కంటి డాక్టరు ఆ గోలీల్లో చూపు తీస్తున్నదాన్ని అదే రోజు ఆపేయించాడు. అది లేకుండా వేరే గోలీలు రాసిచ్చారు. చూపు నెలల్లో తిరిగి రావచ్చు, మొత్తం రాకపోవచ్చు, ఇంకో పదిహేను రోజులు మింగి ఉంటే మాత్రం ఏమీ చెప్పలేకపోయేవాడినని వేణుతో అన్నాడట. వేణు ఇంటికి వచ్చి, "నాకన్న జెప్పొద్దా తిరుమలా?" అన్నాడు. జెప్పాల్సింది అన్నాను. నిజంగానే చెప్పాల్సింది. పెరట్లో అంకెలు బట్టీ పట్టించిన రెండు రోజులూ నేను గోలీల పుస్తకం తెరిచి చూడలేదు. ఆ రెండు రోజులూ ఆయన బండి నడిపాడు.

అత్త నాతో మాట్లాడలేదు. వండినది తినేది, కడిగిన గిన్నెలు సర్దేది, నేను గదిలోకి వస్తే కోపంగా లేచి పోయేది కూడా కాదు. మాటే లేదు. మామ కూడా నాతో మాట్లాడలేదు, కానీ ఆయన అసలు ఎవరితోనూ మాట్లాడలేదు. మంచం మీద పడుకుని పైకప్పు చూసేవాడు. తొమ్మిది రోజులు అట్లాగే గడిచాయి.

పదో రోజు పొద్దున నేను పొయ్యి దగ్గరున్నాను. అత్త కొత్త గోలీల కవర్లు, వాటితోపాటు నీళ్ల గ్లాసు తెచ్చి నా పక్కన గట్టు మీద పెట్టింది.

"ఇయ్యాల్టిసంది మీ మామకు నువ్వే ఇయ్యి."

"మీరిస్తరు గదా అత్తమ్మా."

"ఇన్ని దినాలు నేనే ఇచ్చిన," అంది. "మింగిండా లేదా అని నోట్ల సూసి మరీ ఇచ్చిన."

ఇంకేదో అనబోయి పాల గిన్నె దింపింది. నేను గోలీలు, గ్లాసు తీసుకుని మామ దగ్గరికి పోయాను. ఆయన లేచి కూర్చుని చెయ్యి చాపాడు.

మామ దవాఖానకు పోయిన రోజు నుంచి ఆగిపోయిన పని గురించి అడగడానికి జూన్ మొదటి వారంలో సదానందం వచ్చాడు. ముందర గోడ సగం ఆకుపచ్చ, సగం పాత పొట్టు. తూర్పు గోడ ఎరుపు. వెనక వైపు సిమెంటు. మబ్బులు పడుతున్నాయి.

"ఎట్ల జేద్దామక్కా? రెండు వానలు పడ్డయంటే ఇగ పని గాదు."

"బాపుకు కనవడే రంగు ఏద్దాం. నీలమన్న, గంధమన్న," అన్నాడు వేణు. నాకు కూడా అదే సరైనదనిపించింది. అత్త కోరుకున్నది మొదటి నుంచీ గంధమే.

మామ లోపలి నుంచి విన్నట్టున్నాడు. గడపలోకి వచ్చి నిలబడ్డాడు.

"నా ఒక్కని కండ్ల కోసం ఇంటికి రంగేందిరా? ఉండేది నలుగురం. తొవ్వల పోయేటోళ్లు సూస్తరు. ఆకు రంగు అనుకున్నం, సగం ఏసినం. అదే వెయ్యమను."

వేణు తల్లి వైపు చూశాడు. అత్త కొంగు బిగించి, "ఇన్నవు గదా సదానందం, నిచ్చెన ఎక్కు," అంది.

ఈసారి ఎవరూ అడ్డం రాలేదు. నాలుగు రోజుల్లో అయిపోయింది. తూర్పు గోడ మీది ఎరుపు కనిపించకుండా చెయ్యడానికి మూడు కోటింగులు పట్టాయి.

మామ చూపు దసరా దాటాక చాలావరకు తిరిగొచ్చింది. పేపర్ చదువుతాడు. ఎండలో రంగులు పోలుస్తాడు, మబ్బు పట్టిన రోజు తడబడతాడు. డంపర్ మాత్రం మళ్లీ ఎక్కలేదు. కంపెనీ ఆయనకు గని పైన స్టోరులో పని ఇచ్చింది. బూట్లు, బెల్టులు కావాల్సిన వాళ్లకు ఇచ్చి సంతకం తీసుకోవాలి. తట్ట మొయ్యనక్కర్లేదు. అయినా ఆయన ఆ పని గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడడు. వచ్చే ఏడు రిటైర్ అవుతాడు.

స్టోరులో ఆయన మొదటి డ్యూటీ, రంగు పని చివరి రోజు ఒకేసారి పడ్డాయి. పొద్దున ఎనిమిదింటి షిఫ్టు. ఆయన్ను బండి నడపనివ్వడం లేదు కాబట్టి వేణు సెలవు పెట్టి దింపడానికి సిద్ధమయ్యాడు. సదానందం కిటికీ అంచులు గీస్తున్నాడు. ఎదురింటి వాళ్లు, పక్కింటి వాళ్లు గేట్ల దగ్గర నిలబడి చూస్తున్నారు. మామ టిఫిన్ డబ్బా పట్టుకుని బయటికి వచ్చి, గల్లీ అవతలి వైపు దాకా నడిచి, వెనక్కి తిరిగి ఇంటిని చూశాడు.

"తిరుమలా," అని పిలిచాడు. పెరట్లో గొడవ జరిగిన రోజు తర్వాత నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. "ఎట్లున్నది బిడ్డా?"

నేను పోయి ఆయన పక్కన నిలబడ్డాను.

"లేత ఆకు రంగు మామా. వరి నారు పోసిన పది దినాలకు ఉంటది గదా, అట్లున్నది. కిటికీల కాడ ఇంక తడి ఆరలే, ఆడ కొంచెం ముదురుగ ఉన్నది."

"తూర్పు గోడ?"

"అది గూడ అదే. ఎర్రది ఏడ కనవడతలేదు."

ఆయన చాలాసేపు చూశాడు. సదానందం కుంచె ఆపాడు. వేణు బండి స్టార్ట్ చెయ్యబోయి ఆగాడు.

"నాకైతే ఇయ్యాల మొత్తం బూడిద రంగుగనే ఉన్నది," అన్నాడు మామ, ఎదురింటి వాళ్లకు కూడా వినబడేంత గట్టిగా. "మీకు మంచిగున్నదా?"

అత్త గేటు దగ్గర నిలబడి ఉంది. "మంచిగున్నదయ్యా," అంది.

"అయితె మంచిదే," అని మామ డబ్బా నా చేతికిచ్చి, వేణు భుజం పట్టుకుని బండి వెనక ఎక్కి కూర్చుని, మళ్లీ డబ్బా అందుకున్నాడు.